ఏ లోటుకు ఏ విటమిన్: ఈస్ట్ కణంలో ఆక్సీకరణ ఒత్తిడి

ప్రయోగశాలల్లో ఈస్ట్‌ను పెంచడానికి వాడే పొడి ఒకటుంది. ఈస్ట్ నైట్రోజన్ బేస్ అంటారు. దాన్ని లీటరు నీటిలో కలిపితే ఏ విటమిన్ ఎంత వస్తుందో లెక్క ఖాయం. బయోటిన్ 2 మైక్రోగ్రాములు, ఫోలిక్ ఆమ్లం 2, రైబోఫ్లేవిన్ 200, పారా అమినో బెంజోయిక్ ఆమ్లం 200, థయమిన్ 400, పిరిడాక్సిన్ 400, నియాసిన్ 400, కాల్షియం పాంటోథెనేట్ 400, ఇనాసిటాల్ 2000. మొత్తం తొమ్మిది. వీటిలో ఒకటి రెండింటిని ఇవాళ మనిషి విటమిన్ల పట్టికలో చేర్చరు గానీ, ఈస్ట్‌తో పనిచేసేవాళ్లు అన్నింటినీ కలిపి విటమిన్లనే పిలుస్తారు. ఈ తొమ్మిదింటిలో సి విటమిన్ లేదు. ఇ విటమిన్ కూడా లేదు. యాంటీఆక్సిడెంట్ అనగానే జనానికి గుర్తొచ్చే ఆ రెండూ లేకుండానే ఈస్ట్ హాయిగా పెరుగుతుంది, గాలి తగిలినా తట్టుకుంటుంది.

విటమిన్లు ఈస్ట్‌ను ఆక్సీకరణ ఒత్తిడి నుంచి కాపాడతాయా అన్న ప్రశ్న మీద కొన్ని దశాబ్దాలుగా బోలెడు ప్రయోగాలు జరిగాయి. కాపాడతాయన్న పత్రాలున్నాయి, ఏమీ చేయవన్నవి ఉన్నాయి, చంపుతాయన్నవీ ఉన్నాయి. అన్నింటినీ పక్కపక్కన పెట్టి చదివితే నాకు తోచేది ఇది: కణం సొంత రక్షణలో ఎక్కడ లోటు పడిందో ఆ లోటు పూడ్చే విటమిన్ మాత్రమే గట్టిగా పనిచేసింది. లోటు లేని చోట పైనుంచి పోసినది చాలాసార్లు వృథా అయింది, కొన్నిసార్లు ఎదురు తిరిగింది.

ముందు ఒత్తిడి సంగతి. ఈస్ట్‌కు చక్కెర దొరికితే గాలి ఉన్నా సరే పులియబెట్టడానికే మొగ్గు చూపుతుంది. చక్కెర అయిపోయాక, తాను తయారుచేసిన ఆల్కహాల్‌నే ఆక్సిజన్‌తో కాల్చుకుని బతుకుతుంది. అలా ఊపిరి తీసేటప్పుడు మైటోకాండ్రియాలో కొన్ని ఎలక్ట్రాన్లు దారి తప్పి ఆక్సిజన్‌కు అంటుకుంటాయి. అదే సూపరాక్సైడ్. అది హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుతుంది. పెరాక్సైడ్‌కు విడి ఇనుము తగిలితే హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. దీనికి ప్రొటీన్ అని లేదు, డీఎన్ఏ అని లేదు, ఎదురుపడ్డదాన్నల్లా పాడుచేస్తుంది.

కాపలా కూడా అంత గట్టిగానే ఉంది. సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్‌లు రెండు: రాగి, జింకుతో పనిచేసేది ప్రధానంగా కణద్రవంలో, మాంగనీసుతో పనిచేసేది మైటోకాండ్రియాలో. కెటలేజ్‌లు రెండు. పెరాక్సిరెడాక్సిన్లు, థయోరెడాక్సిన్లు, మిల్లీమోలార్ స్థాయిలో నిండుగా ఉండే గ్లూటాథయోన్ వీటికి అదనం. ఈ గ్లూటాథయోన్‌ను బయటినుంచి కణంలోకి మోసుకొచ్చే ప్రొటీన్ హెచ్‌జీటీ1ను 2000లో చండీగఢ్‌కు చెందిన ఆనంద్ బచావత్ బృందం ఫ్రెంచ్ శాస్త్రవేత్తలతో కలిసి గుర్తించింది. పెరాక్సైడ్ వచ్చిందని కబురు పెట్టే ఏర్పాటూ ఉంది: జీపీఎక్స్3 అనే ఎంజైము ముందు తాను ఆక్సీకరణం చెంది, ఆ మార్పును యాప్1 అనే నియంత్రకానికి అందిస్తుంది. యాప్1 కేంద్రకంలో నిలిచిపోయి రక్షణ జన్యువులను మేల్కొలుపుతుంది. 2002లో ఫ్రాన్స్‌లో టోలెడానో బృందం ఈ వరసను బయటపెట్టింది. ఈ జాబితా అంతా ఎందుకంటే, ఇంత కాపలా ఉన్న కణానికి పైనుంచి ఒక చిటికెడు విటమిన్ కలిపితే ఏం తేడా వస్తుందని ముందే అనుమానం రావాలి.

సి విటమిన్‌తో మొదలుపెడదాం, గొడవంతా దాని చుట్టూనే కాబట్టి. బేకరీ ఈస్ట్ ఆస్కార్బిక్ ఆమ్లాన్ని తయారుచేసుకోదు. దాని బదులు ఒక కార్బన్ తక్కువున్న తమ్ముడిని, డి-ఎరిత్రోఆస్కార్బిక్ ఆమ్లాన్ని, అరబినోజ్ అనే చక్కెర నుంచి చేసుకుంటుంది. ఆ దారిలో చివరి మెట్టు ఏఎల్ఓ1 అనే ఎంజైము. 1998లో కొరియా శాస్త్రవేత్తలు ఆ జన్యువును తీసేసి చూశారు. కణాలు ఆక్సీకరణ ఒత్తిడికి త్వరగా లొంగిపోయాయి. జన్యువును ఎక్కువ మోతాదులో పనిచేయిస్తే తట్టుకునే శక్తి పెరిగింది. అయితే మామూలు పెంపకంలో ఈ పదార్థం ఉండేది బహు స్వల్పమనీ, గ్లూటాథయోన్ ముందు అది లెక్కలోకి రాదనీ వాదించేవాళ్లున్నారు. నాకు వాళ్ల వైపే మొగ్గు. పరిమాణం చూడకుండా ప్రాముఖ్యం తేల్చడం ఈ రంగానికి ఉన్న పాత జబ్బు.

ఇక అసలు ఆస్కార్బిక్ ఆమ్లం. పోలండ్‌లోని జెషువ్‌లో బార్టోష్ బృందం చేసిన ప్రయోగాన్ని కాస్త దగ్గరగా చూడాలి. రాగి-జింకు డిస్మ్యుటేజ్ జన్యువు తీసేసిన ఈస్ట్‌కు ఒక వింత అవలక్షణం ఉంది. గాలిలో పెరగాలంటే దానికి లైసిన్, మెథియోనిన్ అనే రెండు అమినో ఆమ్లాలు బయటినుంచి పెట్టాలి. గాలి లేకపోతే ఏ పేచీ లేదు. కారణం ఏమిటంటే, లైసిన్ తయారీ దారిలో ఇనుము-గంధకం గుత్తి ఉన్న ఒక ఎంజైము ఉంది. అదుపు లేని సూపరాక్సైడ్ ఆ గుత్తిని చెడగొడుతుంది. మెథియోనిన్ తయారీకి, ఎలక్ట్రాన్లు అందించే ఎన్ఏడీపీహెచ్ బోలెడు కావాలి, ఒత్తిడిలో దానికీ కటకట. ఈ కణాలను లైసిన్ లేని పళ్లెంలో చల్లితే మచ్చ కూడా లేవదు. అదే పళ్లెంలో ఆస్కార్బేట్ కలిపితే కణాలు పెరిగాయి. 2005లో వచ్చిన ఆ పత్రం ఇంకో అడుగు వేసి, ఈ ఈస్ట్‌నే యాంటీఆక్సిడెంట్లను పరీక్షించే సాధనంగా వాడుకోవచ్చంది. అంతకు ముందు ఏడాది ఇదే తరహా కణాలలో కుదించుకుపోయిన ఆయుష్షును ఆస్కార్బేట్ తిరిగి నిలబెట్టిందని ఇంకో పత్రం వచ్చింది.

ఇంత చక్కని ప్రయోగానికి ఉన్న షరతు మాత్రం జనం మరిచిపోతారు. అక్కడ డిస్మ్యుటేజ్ లేదు. గోడ కూలిన చోట కాబట్టి సి విటమిన్ నిలబడి అడ్డుకుంది. అన్నీ సక్రమంగా ఉన్న కణానికి, ముఖ్యంగా ఇనుమూ రాగీ ఉన్న ద్రవంలో, ఆస్కార్బేట్ ఎక్కువ పోస్తే కథ తలకిందులవుతుంది. అది ఇనుమును మళ్లీ మళ్లీ క్షయకరణం చేసి, గాలిలోని ఆక్సిజన్ నుంచి పెరాక్సైడ్ పుట్టిస్తుంది. అంటే కాపాడవలసినదే దాడికి సరుకు అందిస్తుంది. ఒకే విటమిన్ గురించి రెండు పత్రాలు రెండు రకాలుగా చెప్పడానికి చాలాసార్లు కారణం కణం కాదు, ద్రవంలోని లోహాలు.

మూడో దారి ఇంకా ఆసక్తిగా ఉంది. 2007లో ఇటలీ శాస్త్రవేత్తలు మొక్క జన్యువులను ఈస్ట్‌లో పెట్టి, గ్లూకోజ్ నుంచి అసలు సి విటమిన్‌నే కణం లోపల తయారు చేయించారు. ఆ కణాలు ఒత్తిడిని మెరుగ్గా తట్టుకున్నాయి. బయట పోసినదానికీ లోపల పుట్టినదానికీ తేడా ఉంటుందన్నది ఇందులో గమనించాల్సిన సంగతి. లోపల పుట్టినది ద్రవంలోని లోహాలతో ముందే చెలిమి చేయదు.

ఇ విటమిన్ దగ్గరికొస్తే, అది పనిచేసే చోటే ఈస్ట్‌లో లేదు. టోకోఫెరాల్ పని ఏమిటి? పొరల్లో ఉన్న బహుళ అసంతృప్త కొవ్వు ఆమ్లాలు వరసగా ఆక్సీకరణం చెందకుండా ఆ గొలుసును తెంచడం. బేకరీ ఈస్ట్‌కు అలాంటి కొవ్వు ఆమ్లాలు తయారుచేసే ఎంజైములే లేవు. దానికి ఉన్నది ఓఎల్ఈ1 ఒక్కటి, అది ఒక్క ద్విబంధం మాత్రమే పెట్టగలదు. ఒలియిక్, పామిటోలియిక్ ఆమ్లాలతో అల్లిన పొర త్వరగా మండదు. కాబట్టి మామూలు ఈస్ట్‌కు ఇ విటమిన్ పోసి ఏదో జరిగిందని రాసే పత్రాన్ని కాస్త జాగ్రత్తగా చదవాలి.

ఇక్కడా లోటు పుట్టించి చూసినవాళ్లున్నారు. 1996లో కాలిఫోర్నియాలో కేథరిన్ క్లార్క్ బృందం, మైటోకాండ్రియాలో ఎలక్ట్రాన్లు మోసే కోఎంజైమ్ క్యూను తయారు చేసుకోలేని ఈస్ట్‌కు బయటినుంచి లినోలెనిక్ ఆమ్లం పెట్టింది. మామూలు ఈస్ట్ దాన్ని తిని ఊరుకుంది. క్యూ లేని ఈస్ట్‌లో లిపిడ్ పెరాక్సైడ్లు పేరుకుపోయి కణాలు చచ్చాయి. ఇ విటమిన్, లేదా నీటిలో కరిగే దాని రూపం ట్రోలాక్స్ కలిపితే బతికాయి. ఇంతవరకూ చదివి ఇ విటమిన్‌కు జేజేలు కొట్టేలోపు 2010 నాటి సిడ్నీ పత్రం చదవాలి. ఇయాన్ డాస్ బృందం మామూలు ఈస్ట్‌కు టోకోఫెరాల్, కోఎంజైమ్ క్యూ10 ఇస్తే తల్లికణం వేసే పిల్లల లెక్క తగ్గింది. ఆయుష్షు పెరగలేదు, కుంచించుకుపోయింది.

కె విటమిన్ సంగతి మరీ విడ్డూరం. ఈస్ట్‌లో కావాలని సూపరాక్సైడ్ పుట్టించడానికి పరిశోధకులు ఎక్కువగా వాడే విషం మెనాడయోన్. దాని మరో పేరు కె3 విటమిన్. కణంలోకి వెళ్లి ఎలక్ట్రాన్ అందుకోవడం, ఆక్సిజన్‌కు అంటించడం, మళ్లీ మొదటికి రావడం, అదే దాని పని. ఒత్తిడి కలిగించే రసాయనం ఒక విటమిన్, దాన్నుంచి కాపాడుతుందని పరీక్షిస్తున్నదీ ఒక విటమిన్. విటమిన్ అన్న ముద్ర చూసి గుణం ఊహించకూడదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఇప్పుడు బి విటమిన్లు. వీటిని యాంటీఆక్సిడెంట్లని ఎవరూ పెద్దగా పొగడరు. నా లెక్కలో ఈస్ట్ విషయంలో అసలు బలం వీటిదే. ఒక పెరాక్సైడ్ అణువు నీరుగా మారే దారిని వెనక్కి నడిచి చూడండి. పెరాక్సైడ్‌ను తీసేది టీఎస్ఏ1 అనే పెరాక్సిరెడాక్సిన్. తీసిన ప్రతిసారీ అది ఆక్సీకరణం చెందుతుంది. దాన్ని మామూలు స్థితికి తెచ్చేది థయోరెడాక్సిన్. థయోరెడాక్సిన్‌ను బాగుచేసేది థయోరెడాక్సిన్ రిడక్టేజ్, దాని గుండెలో ఉన్నది ఎఫ్ఏడీ, అంటే రైబోఫ్లేవిన్. గ్లూటాథయోన్‌ను బాగుచేసే ఎంజైములోనూ అదే. వీటికి ఎలక్ట్రాన్లు ఇచ్చేది ఎన్ఏడీపీహెచ్, అంటే నియాసిన్. ఎన్ఏడీపీహెచ్ పుట్టేది పెంటోజ్ ఫాస్ఫేట్ దారిలో. ఆ దారి రెండో సగంలో చక్కెరలను అటూ ఇటూ మార్చే ట్రాన్స్‌కీటొలేజ్‌కు థయమిన్ డైఫాస్ఫేట్ కావాలి. మూడు విటమిన్లు ఒకే వరసలో. ఒక్కటి కూడా తాను స్వయంగా పెరాక్సైడ్‌ను తాకదు.

ఈ వరస కాగితం మీది ఊహ కాదు. పెంటోజ్ దారికి తలుపు తీసే జెడ్‌డబ్ల్యుఎఫ్1 జన్యువు లేని ఈస్ట్ పెరాక్సైడ్‌కు తట్టుకోలేదు, మెథియోనిన్ పెట్టనిదే పెరగదు. మైటోకాండ్రియాలో ఎన్ఏడీపీహెచ్ తయారుచేసే పాస్5 లేనిదీ అంతే సుకుమారం. పైగా పెరాక్సైడ్ తగలగానే గ్లైకాలసిస్‌లోని ఒక ఎంజైము ఆక్సీకరణం చెంది ఆగిపోతుంది, చక్కెర ప్రవాహం పెంటోజ్ దారికి మళ్లుతుంది. కొత్త జన్యువులు పనిలోకి దిగే లోపలే కణం ఎన్ఏడీపీహెచ్ కూడబెట్టుకుంటుంది. 2007లో మార్కుస్ రాల్సర్ తదితరులు ఈ మళ్లింపుకు ఉన్న బలాన్ని చూపించారు.

వీటిలో థయమిన్ నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. దాన్ని తయారు చేసుకోవడానికి ఈస్ట్ చెల్లించే మూల్యం అలాంటిది. మామూలుగా ఒక ఎంజైము వేలసార్లు అదే పని చేస్తుంది. థయమిన్‌లోని థయజోల్ భాగాన్ని కట్టే థయ్4 అగ్గిపుల్ల లాంటిది: ఒక్క గీతతో సరి. కావలసిన గంధకాన్ని తన సొంత సిస్టీన్ నుంచే తీసిచ్చి ఎప్పటికీ పనికిరాకుండా పోతుంది. ఈ సంగతి 2011లో బయటపడింది. మరుసటి ఏడాది రెండో భాగం కట్టే థయ్5 కూడా తనలోని హిస్టిడిన్‌నే ఇచ్చి ఒక్కసారికే ముగిసిపోతుందని తేలింది. ఒక్క థయమిన్ అణువుకు రెండు ప్రొటీన్లు బలి. బయట థయమిన్ దొరికితే ఈస్ట్ ఎందుకంత ఆబగా పీల్చుకుంటుందో, వెంటనే తన సొంత తయారీని ఎందుకు కట్టిపెడుతుందో ఇప్పుడు అర్థమవుతుంది.

థయమిన్ కలిపితే బేకరీ ఈస్ట్ ఆక్సీకరణ ఒత్తిడిని, ఉప్పు ఒత్తిడిని, వేడిని మెరుగ్గా తట్టుకుంటుందని 2014లో పోలండ్ శాస్త్రవేత్తలు చూపించారు. అందులో కొంత భాగం థయమిన్ డైఫాస్ఫేట్‌తో పనిచేసే ఎంజైములతో సంబంధం లేకుండానే జరిగిందన్నారు. ఆ కొంత భాగం ఏ దారిన వస్తోందన్నది చర్చలో ఉన్న విషయం. నేరుగా రాడికల్స్‌ను పట్టుకుంటుందన్న వివరణ ఉంది గానీ, కణంలో థయమిన్ పరిమాణం గ్లూటాథయోన్ పక్కన ఎంత చిన్నదో తలచుకుంటే నాకు నమ్మకం కుదరదు.

బి6 కథ వేరే పంట పొలంలో మొదలైంది. పొగాకు ఆకు మీద మచ్చలు తెచ్చే సెర్కోస్పొరా అనే శిలీంధ్రం వెలుతురులో సింగ్లెట్ ఆక్సిజన్‌ను, అంటే చురుకు ఎక్కువైన ఆక్సిజన్ రూపాన్ని, పుట్టించే ఒక విషాన్ని వదులుతుంది. మరి తాను ఎలా బతుకుతోంది? అమెరికాలో ఎహ్రెన్‌షాఫ్ట్, డాబ్ ఆ రహస్యం వెదుకుతూ పోతే దొరికిన జన్యువు, అందరి ఆశ్చర్యానికీ, బి6 విటమిన్ తయారీకి సంబంధించినదని 1999లో తేలింది. పిరిడాక్సిన్ సింగ్లెట్ ఆక్సిజన్‌ను గట్టిగా అణచగలదు. ఆ శిలీంధ్రపు జన్యువుకు బంధువులు బేకరీ ఈస్ట్‌లోనూ ఉన్నాయి. 2005లో బి6 కొరత ఉన్న విభజన ఈస్ట్‌కు బి6 రూపాలు ఇస్తే, మెనాడయోన్ వల్ల పెరిగిన సూపరాక్సైడ్, లిపిడ్ పెరాక్సైడ్ రెండూ తగ్గాయి. ఇక్కడా కొరత ఉన్న కణమే అని గమనించండి.

రైబోఫ్లేవిన్‌కు ఇంకో ముఖం ఉంది. వెలుతురు పడితే అదే సింగ్లెట్ ఆక్సిజన్ పుట్టిస్తుంది. కిటికీ పక్కన పెట్టిన ఫ్లాస్కుకూ అల్మరాలో ఉంచిన ఫ్లాస్కుకూ ఫలితం తేడా రావచ్చు. నియాసిన్‌లో రెండు రూపాలను కలగలపకూడదు: నికోటినిక్ ఆమ్లం ఎన్ఏడీ తయారీకి సరుకు, నికోటినమైడ్ ఎక్కువైతే ఆయుష్షుతో ముడిపడిన సర్2 ఎంజైమును అణచేస్తుంది. ఆక్సిజన్ లేని చోట ఈస్ట్‌కు నియాసిన్ బయటినుంచి పెట్టి తీరాలి, ఎందుకంటే ట్రిప్టొఫాన్ నుంచి ఎన్ఏడీ చేసుకునే దారికే ఆక్సిజన్ కావాలి. బయోటిన్, పాంటోథెనేట్ లేకపోతే కొవ్వులు, పొరలు కుదరవు గనుక కణం ముందే కుదేలవుతుంది. దాన్ని ఆక్సీకరణ ఖాతాలో రాయడం నాకు అతిగా తోస్తుంది. బి12 బేకరీ ఈస్ట్‌కు అసలు పనికిరాదు, దాంతో పనిచేసే ఎంజైమే దానికి లేదు. డి విటమిన్‌కు మూలమైన ఎర్గోస్టెరాల్ మాత్రం ఈస్ట్ పొర నిండా ఉంటుంది. అతినీలలోహిత కాంతి పడితే అదే డి2 అవుతుంది. పొరకు దాని అవసరం వేరు, మనకు దాని అవసరం వేరు.

ఫోలిక్ ఆమ్లం పేరెత్తితే తెలుగువాళ్లకు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గుర్తొస్తారు. అమెరికాలోని లెడర్లీలో 1945 నాటికి దాన్ని కృత్రిమంగా తయారుచేసింది ఆయన నడిపిన పరిశోధన విభాగమే. అంతకు పదిహేనేళ్ల ముందే బొంబాయిలో గర్భిణులైన మిల్లు కార్మికుల రక్తహీనతను లూసీ విల్స్ ఈస్ట్ సారంతోనే, మార్మైట్‌తో, నయం చేశారు. ఆ సారంలో పనిచేసింది ఇదే విటమిన్. నిజానికి విటమిన్ అన్న మాట పుట్టకముందే, 1901లో, బెల్జియంలో విల్డియర్స్ ఈస్ట్ పెరగడానికి కావలసిన అంతుచిక్కని పదార్థానికి బయోస్ అని పేరు పెట్టాడు. తర్వాత అందులోంచే ఇనాసిటాల్, బయోటిన్, పాంటోథెనిక్ ఆమ్లం ఒక్కొక్కటిగా బయటపడ్డాయి.

ఎర్రటి ఈస్ట్‌ల దారి వేరు. రోడొటొరులా బీటా కెరోటిన్ చేసుకుంటుంది, ఫాఫియా అస్టాజాంథిన్ చేసుకుంటుంది. సింగ్లెట్ ఆక్సిజన్, పెరాక్సిల్ రాడికల్స్ తగిలినప్పుడు ఫాఫియాలో కెరోటినాయిడ్ల తయారీ మారుతుంది. ఇక్కడ మాత్రం రంగే కవచం. 2014లో అమెరికా శాస్త్రవేత్తలు దీన్ని తెలివిగా వాడుకున్నారు. కెరోటిన్ జన్యువులు చేర్చిన బేకరీ ఈస్ట్‌ను పదేపదే హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ముంచి, బతికినవాటిని ఎంచుకుంటూ పోయారు. రంగు ఎక్కువున్నవే మిగిలాయి, కెరోటినాయిడ్ల దిగుబడి గ్రాము పొడి కణానికి 18 మిల్లీగ్రాముల దాకా, మొదటికి మూడింతలు, పెరిగింది.

పద్ధతుల సంగతి చెప్పకుండా ఈ సమీక్ష పూర్తికాదు. పత్రాల్లో అరిగిపోయిన వరస ఇది: ఈస్ట్‌కు విటమిన్ కలుపు, పెరాక్సైడ్ కలుపు, పదేసి వంతులు పలచన చేసి పళ్లెం మీద చుక్కలు పెట్టు, ఏ చుక్క లేచిందో ఫొటో తీయి. విటమిన్ కడిగేయకుండా పెరాక్సైడ్ పోస్తే రెండూ బయటే కలబడి తేల్చుకుంటాయి, కణానికి సంబంధమే ఉండదు. లోపలి రాడికల్స్ కొలవడానికి వాడే డైక్లోరోఫ్లోరెసిన్ రంగు ఇనుముకూ సైటోక్రోమ్‌కూ కూడా వెలుగుతుంది. ఈస్ట్ సారంతో చేసిన ద్రవంలో బి విటమిన్లు ముందే నిండా ఉంటే, ఇంకొంచెం పోసి తేడా లేదనడం ఏం రుజువు? ఏ పత్రమైనా ద్రవంలో ముందే ఉన్న విటమిన్లు ఏమిటి, ఇనుము ఎంత, వెలుతురు పడిందా, కణాలను కడిగారా అన్న నాలుగూ చెప్పకపోతే దాని తీర్పును పక్కన పెట్టడమే మేలు.

ఒత్తిడి పూర్తిగా లేకుండా చేయాలన్న కోరికే సరైనదా అన్న ప్రశ్న ఇంకొకటి. కొద్దిపాటి పెరాక్సైడ్ రుచి చూసిన ఈస్ట్ తర్వాత పెద్ద మోతాదును తట్టుకుంటుంది. 2010లో వచ్చిన ఒక పత్రంలో కెటలేజ్‌ను తీసేసిన ఈస్ట్ ఎక్కువకాలం బతికింది. పెరిగిన పెరాక్సైడ్ డిస్మ్యుటేజ్‌ను మేల్కొలిపిందని వాళ్ల వివరణ. ఆ హెచ్చరికను ముందే తుడిచేసే విటమిన్ మేలు చేస్తుందా, కీడు చేస్తుందా? మనుషుల్లోనూ ఇలాంటి చేదు అనుభవం ఉంది. ఫిన్లండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ల మీద జరిపి 1994లో ప్రకటించిన పరీక్షలో బీటా కెరోటిన్ మాత్రలు తీసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చింది. ఈస్ట్ నుంచి మనిషికి నేరుగా గీత గీయలేం గానీ, యాంటీఆక్సిడెంట్ అయితే మంచిదేనన్న నమ్మకం రెండు చోట్లా దెబ్బతింది.

వైన్ తయారీదారుల దగ్గర మాత్రం ఈ చర్చ అంతా చాలా మామూలు లెక్కలోకి దిగుతుంది. ద్రాక్షరసం పాడవకుండా, ఆక్సీకరణం చెందకుండా వాళ్లు సల్ఫర్ డయాక్సైడ్ కలుపుతారు. ఆ సల్ఫైటే రసంలోని థయమిన్‌ను రెండు ముక్కలుగా తెంపేస్తుంది. రసాన్ని ఆక్సిజన్ నుంచి కాపాడటానికి వేసినది, ఈస్ట్ తనను తాను కాపాడుకోవడానికి కావలసినదాన్ని లేకుండా చేస్తుందన్నమాట. అందుకే ఈస్ట్ వేసేటప్పుడు విడిగా థయమిన్ కలుపుతారు. దానికి అనుమతించిన గరిష్ఠ పరిమితి లీటరుకు 0.6 మిల్లీగ్రాములు.